కసురుకునేవాడి దగ్గరే కొనండి

పాత సామాను అమ్ముతూ, కొనడానికి వచ్చినవాళ్లను కసిరి కొట్టే మహానుభావులకు ఈ దేశంలో ఇంతవరకూ ఒక్క సన్మానమైనా జరగలేదు. ఎంత అన్యాయం! నాలుగు పాటలు పాడినవాడికి శాలువా కప్పుతాం. ఎన్నికల్లో డిపాజిట్ పోయినవాడికి కూడా దండ వేస్తాం. మనల్ని గుమ్మంలో నిలబెట్టి, మన స్థాయి ఏమిటో ఫీజు తీసుకోకుండా చెప్పి పంపేవాడికి మాత్రం ఒక్క పూలరెక్క కూడా లేదు.

ఇదివరకు ఈ భాగ్యం కొందరికే దక్కేది. పేపర్లో ప్రకటన చూసి, వీధి చివర బూత్ నుంచి ఫోన్ చేసి, క్యూలో నిలబడి తిట్లు తినాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంటర్‌నెట్ వచ్చింది. పాత మంచం మొదలుకొని పాత మోపెడ్ దాకా ఏదైనా అమ్ముకునే వెబ్‌సైట్లు పుట్టాయి. బ్రౌజింగ్ సెంటర్లో గంటకింతని కట్టి, ఏసీ గదిలో కాలు మీద కాలు వేసుకుని తిట్లు తినవచ్చు. సైన్స్ ఇంత దూరం పోతుందని ఎవరనుకున్నారు?

అనుమానం ఉంటే పాత ఫ్రిజ్ అమ్మేవాణ్ణి "చల్లబడుతుందాండీ?" అని అడిగి చూడండి. "వేడి కావాలంటే స్టవ్ కొనుక్కో" అంటాడు. సోఫా పొడవెంత అని అడగండి. "వచ్చి పడుకుని చూసుకో" అంటాడు. స్కూటర్ ఒక్కసారి నడిపి చూడొచ్చా అంటారా? "డబ్బిచ్చి ఇంటిదాకా నడుపు, ఎవడొద్దన్నాడు?" అంటాడు. ఎంత క్లుప్తత! మన ఉపన్యాసకులు ఇందులో సగం నేర్చుకున్నా సభలు సాయంత్రానికి ముగిసేవి.

ఇంకా నమ్మకం కుదరనివాళ్ల కోసం తొండియార్‌పేట హేమమాలిని సంగతి చెప్పాలి.

హేమమాలినివాళ్లు ఎన్ని తరాల కిందటో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఈ చెన్నైలో పాతుకుపోయినవాళ్లు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. పిల్లలైతే గడప లోపల కూడా తమిళమే. భర్త భరణికి మణలిలో ఒక కెమికల్ ఫ్యాక్టరీలో ఉద్యోగం. ఆమె ఆదికేశవులు గారి ప్రెస్సులో పెళ్లికార్డులు కంపోజ్ చేసేది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇంకు వాసనలో, ఎవరో లేచి వెళితేగాని ఖాళీ కాని కుర్చీ కోసం కాచుకుని ఉండేది.

ఒకరోజు ఆదికేశవులు ఆమెను పిలిచాడు. "ముహూర్తాలు వస్తా ఉండాయి. నీ ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుంటే కార్డుల పనంతా నీకే పంపిస్తా. సోమవారం లోపల చెప్పు. లేదంటే ఇంకో పిల్ల అడగతా ఉండాది" అన్నాడు.

తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని, తన పేరు మీద పని! హేమమాలినికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కొత్త కంప్యూటర్ కొనే తాహతు లేదు. పాతదైతే కొనవచ్చు. అందుకని బ్రౌజింగ్ సెంటర్‌కి పోయి వెతికితే, షోళింగనల్లూరు బాలకృష్ణన్ అనే ఆయన ప్రకటన దొరికింది. అంతా పెద్దక్షరాల్లో ఉంది. బేరమాడేవాళ్లు రావద్దు. పనీపాటా లేనివాళ్లు అసలే రావద్దు. చచ్చు ప్రశ్నలు వెయ్యవద్దు.

ఆమె ఒకే ఒక్క చచ్చు ప్రశ్న వేసింది. కంప్యూటర్ పనిచేస్తుందాండీ అని రాసింది. మర్నాడు జవాబు వచ్చింది. "పనిచెయ్యకపోతే అమ్ముతానా?" ఎప్పుడు వచ్చి చూడమంటారని మళ్లీ రాసింది. "ఆదివారం పది. పది అంటే పది."

తొండియార్‌పేట నుంచి షోళింగనల్లూరంటే ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు. బస్సులు మారి, కొత్తగా లేస్తున్న ఆఫీసు బిల్డింగుల మధ్య గేదెల్ని తప్పించుకుంటూ భార్యాభర్తలు పది గంటలకు ఆ గేటు ముందు నిలబడ్డారు.

"చెప్పులు బయట. బయటంటే గేటు బయట."

ఇది బాలకృష్ణన్ స్వాగతం. తమిళంలో అన్నాడు, మనం తెలుగులో చెప్పుకుందాం. ఏదో కంపెనీలో లెక్కలు చూసి రిటైరైన మనిషి. కూర్చోమనలేదు. ఫ్యాను వెయ్యబోతే పనిచెయ్యదన్నాడు. కంప్యూటర్ మీద కప్పిన గుడ్డను దేవుడి తెర తీసినట్టు తీసి, "కళ్లతో చూడండి, చేతులు వెనక పెట్టుకోండి" అన్నాడు.

భరణి కొంచెం తెలివి ప్రదర్శించాలనుకున్నాడు. "రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారే సార్?"

"మీరు మాత్రం ఆగిపోరని గ్యారంటీ ఏమిటి?" అన్నాడు బాలకృష్ణన్.

ఇక్కడ మన చెన్నై తెలుగువాళ్ల రహస్యాయుధం గురించి చెప్పాలి. బేరం తమిళంలో, ఆలోచన తెలుగులో. హేమమాలినికి ఈ విద్య తల్లి మునెమ్మ నేర్పింది. చీరల కొట్లో చీర అంచు చూస్తున్నట్టే చూస్తూ, పెదవి కదలకుండా, అమ్మేవాడి పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుగులో కడిగేసేది మునెమ్మ. ఆమె పోయి ఏడాదయినా విద్య పోలేదు. ఎదుటివాడికి తెలుగు వచ్చేమో అన్న అనుమానం ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరికీ రాలేదు.

"మొగం చూడు, చింతకాయ నమిలినట్టు పెట్టుకోనుండాడు" అంది హేమమాలిని కీబోర్డు చూస్తూ.

ఆ మొహం ఇంకొంచెం ముడుచుకుంది.

"మానిటర్ మీద గీత ఉండాది. మనం చూసినట్టు చెప్పబాకు. బేరం కాడ తీద్దాం" అన్నాడు భరణి.

"మానిటర్ మీద గీత ఉంది. దానికోసం ఒక్క పైసా తగ్గించను" అన్నాడు బాలకృష్ణన్ తమిళంలో.

మనిషి మొరటువాడైనా నిజాయితీ ఉందే అనుకుంది హేమమాలిని. "ఆయన చెప్పిన రేటుకే ఒప్పుకుందాం. అయితే అప్పుడే తలాడించబాకు. కొంచేపు గొణుగు" అంది.

"గొణిగేవాళ్లు గేటు బయటికి పోయి గొణగండి" అన్నాడాయన.

ఇంత జరిగినా ఆ దంపతులకు వెలగలేదు. తెలివితక్కువవాళ్లు కారు. రహస్యాయుధం చేతిలో ఉన్నవాడికి ఎదుటివాడి చేతిలోనూ అదే ఉంటుందని తోచదు, అంతే.

హేమమాలినికి ఉక్కపోసింది, కాళ్లు పీకాయి, ఒళ్లు మండింది. "ఇట్టాంటి మనిషితో కాపరం ఎవురు జేస్తారు? పెండ్లాం ఎప్పుడో పారిపోయుంటాది" అంది.

వంటింట్లోంచి నింపాదిగా ఒక గొంతు వచ్చింది.

"పారిపోలేదమ్మా. ఈడనే ఉండా. కాఫీలోకి చక్కెర ఎంత ఏసేది?"

భరణి చేతులు వెనక పెట్టుకునే గోడ వైపు తిరిగాడు. హేమమాలినికి నేల చీలితే బాగుండుననిపించింది. బాలకృష్ణన్ మొదటిసారి కుర్చీలో కూర్చుని, మొదటిసారి తెలుగులో నోరు తెరిచాడు.

"చింతకాయంటివి. సరి, నా మొగం అట్నే ఉంటాది. కాపరం దాకా ఎందుకు పోతివి?"

"తప్పయిపోయింది పెదనాయనా" అంది హేమమాలిని. ఆ పిలుపు ఆమె వెతికి తెచ్చింది కాదు. తెలుగులో పెద్దమనిషితో తప్పు ఒప్పుకోవాలంటే ఆమెకు వేరే మాట తెలియదు.

"ఈ వీధికొచ్చినప్పటి నుంచి మా ఇంటావిడ తప్ప నాతో తెలుగు మాట్లాడినోళ్లు లేరు. ఇన్నేండ్లకి నువ్వొస్తివి. తిట్టేదానికొస్తివి" అన్నాడాయన.

వంటింట్లోంచి కాఫీలతో ఆయన భార్య రాజలక్ష్మి వచ్చింది. ఆ తరవాత ఏం జరిగిందో చదివి, పాఠకులు గుండె దిటవు చేసుకోవాలి. బాలకృష్ణన్ మర్యాదస్తుడైపోయాడు! పనిచెయ్యని ఫ్యాను గిర్రున తిరిగింది. కుర్చీలు వచ్చాయి. మధ్యాహ్నం భోంచేసి పోవాలన్నారు. పప్పుపులుసు, కాకరకాయ వేపుడు వడ్డించారు. రాజలక్ష్మి హేమమాలిని పక్కనే కూర్చుని, మీ అమ్మ ఎట్ట పోయింది, పిల్లలు తెలుగు మాట్లాడతారా, నువ్వు ఏళకి తింటావా అని ఒక్కొక్కటే అడిగింది. హేమమాలిని ఒక్కొక్కదానికే జవాబు చెప్పింది. పిల్లల సంగతి అడిగినప్పుడు మాత్రం కొంచెం తడబడింది.

చెయ్యి కడుక్కుని, "కంప్యూటర్ ఎత్తుకోని పోతాం పెదనాయనా" అంది.

"నీకా? నీకు అమ్మను" అన్నాడు బాలకృష్ణన్, ఎంతో ప్రేమగా.

"ఏందీ?"

"మనోళ్లకి పాత సామాను అమ్మే అలవాటు మా ఇంట్లో లేదమ్మా. రేపు చెడిపోతే ఏ మొగం పెట్టుకోని నీకు కనబడేది? ఊరికే ఇస్తా, తీసుకుంటావా?"

"తీసుకోను."

"అంతే గదా. మంచిదే ఒకటి చూద్దాంలే నిదానంగా."

సోమవారం అంటే రేపు అని ఆమె చెప్పింది. ప్రెస్సు సంగతి చెప్పింది. ఇంకో పిల్ల సంగతి చెప్పింది. ఆయన అయ్యోపాపం అన్నాడు, కళ్లు తడి చేసుకున్నాడు, నలుగురిని విచారిస్తానన్నాడు. కంప్యూటర్ మీద గుడ్డ మాత్రం మళ్లీ కప్పేశాడు.

చూశారా, మర్యాద ఎంత ప్రమాదకరమో! తిట్టినంతసేపూ సరుకు చేతికందేంత దగ్గరలో ఉంది. భోజనం పెట్టారు, అది కాస్తా దూరమైపోయింది.

రాజలక్ష్మి బొట్టుపెట్టి రవికెగుడ్డ చేతిలో పెట్టింది. ఇద్దరూ గేటు దాకా వచ్చి సాగనంపి, తలుపు వేసుకున్నారు. హేమమాలిని చెప్పులు వేసుకుంది, మళ్లీ విప్పింది. తన కుర్చీ, తన పని కళ్ల ముందే పోతున్నాయి. ఏడుపొచ్చింది. ఏడవలేదు. గేటు తోసుకుని పోయి బెల్ కొట్టింది.

"ఏం జేస్తా ఉండావు?" అన్నాడు భరణి.

తలుపు తెరుచుకుంది. హేమమాలిని బాలకృష్ణన్‌ని ఎన్నడూ చూడనట్టు చూసి, స్పష్టమైన తమిళంలో అడిగింది. "కంప్యూటర్ అమ్ముతారని నెట్‌లో చూసి వచ్చాం సార్. ఉందా, అమ్మేశారా?"

ఆయన ఆమెను చూశాడు. వెనక్కి తిరిగి భార్యను చూశాడు. రాజలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మెల్లగా, ఎంతో కష్టం మీద, ఆయన మొహం మళ్లీ ముడుచుకుంది.

"పదికి రమ్మంటే ఇప్పుడా వచ్చేది? చెప్పులు గేటు బయట" అన్నాడు తమిళంలో.

ఆ తరవాత అంతా సవ్యంగా జరిగింది. ఒక్క పైసా తగ్గించనన్నాడు, తగ్గించలేదు. చెడిపోయిందని వస్తే గేటు తియ్యనన్నాడు. ఆటోవాణ్ణి దున్నపోతన్నాడు. అంటూనే తన పంచెతో మానిటర్‌ని మూటగట్టి, సీటు మీద కదలకుండా స్వయంగా కట్టాడు.

సోమవారం ఆదికేశవులు పని పంపించాడు. హేమమాలిని కిటికీ పక్కన కుర్చీ వేసుకుంది. కొన్నాళ్లు ఆ ఇంట్లో ఆమె అంత సుఖంగా ఎవరూ లేరు.

నెల తిరక్కముందే, ఒక పెద్ద పెళ్లి కార్డులు సగంలో ఉండగా, మిషన్ గురక పెట్టి ఆగిపోయింది. ఏం చేసినా లేవలేదు. పనిచెయ్యకపోతే అమ్ముతానా అని రాసిన మనిషి! హేమమాలినికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇప్పుడు ఆమె పరాయిది, డబ్బిచ్చి కొన్నది, తిట్టే హక్కు పూర్తిగా ఉన్నది. తమిళంలో నాలుగు మాటలు తయారుచేసుకుంది. అవి ఇక్కడ రాస్తే పత్రిక మూసుకోవాలి. బూత్‌కి పోయి ఫోన్ చేసింది.

"ఎవురూ?" అంది రాజలక్ష్మి.

"నేను... తొండియార్‌పేట నుంచి..."

"హేమానా? గొంతు అట్టుండాదేంది? తిన్నావా?"

హేమమాలిని దగ్గర తయారుగా ఉన్న నాలుగు మాటల్లో ఒక్కటీ బయటికి రాలేదు.

"తింటి పెద్దమ్మా."

"మిషన్ బాగుండాదా? ఫోన్ మోగితే చాలు, నువ్వు చెడిపోయిందంటావేమోనని ఈయన లేచి కూర్చుంటా ఉండాడు."

పక్కనే ఎవరో గొంతు సవరించుకోవడం వినిపించింది.

"బాగుండాది పెద్దమ్మా. గుర్రం మాదిరి పోతా ఉండాది. ఊరికేనే చేస్తి" అంది హేమమాలిని.

అడిగితే ఆ పెద్దమనిషి డబ్బు మొత్తం వెనక్కి పంపేవాడే. ఆ తరవాత ఆమెకు మొహం చూపించేవాడు కాదు. మొదటి సంపాదనంతా రిపేరుకు పోయింది. కార్డులు ఆలస్యమైనందుకు ఆదికేశవులు దగ్గర చీవాట్లు కూడా పడ్డాయి.

"ఆయన్ని నిలదీస్తివా? ఏమనె?" అని అడిగాడు భరణి సాయంత్రం.

"పెద్దమ్మ తిన్నావా అనింది" అంది హేమమాలిని.

ఇది జవాబేనా? కాదు! అమ్మ పోయాక ఇంత పెద్ద ఊళ్లో ఆ మాట తనను తెలుగులో ఎవరూ అడగలేదని ఆమె భర్తకు చెప్పలేదు. మనతో కూడా చెప్పలేదు. కాబట్టి పాఠకులారా, పాత సామాను కొనేముందు అమ్మేవాడు బాగా కసురుకుంటాడో లేదో చూసుకోండి. అంతకంటే ముందు, వాళ్లింట్లో మిమ్మల్ని తిన్నావా అని అడిగేవాళ్లు ఎవరూ లేరని నిర్ధారణ చేసుకోండి. ఉన్నారా, మీ పని అయిపోయినట్టే. హేమమాలిని పోయిన ఆదివారం మళ్లీ షోళింగనల్లూరు పోయింది. ఈసారి ఆమె కొనాల్సింది ఏమీ లేదు. పిల్లల్ని కూడా తీసుకుపోయింది.