తాతయ్య మణికట్టు మీద వయొలిన్

ఆ ఆదివారం పొద్దున రాధాకృష్ణమూర్తి గారు వేసిన పథకంలో ఎక్కడా లోపం లేదు. పదకొండింటికి నాంపల్లి మైదానంలో సంగీతోత్సవం. మనవరాలు కీర్తికి సంగీతం చెప్పే టీచరు తనకు ఊరికే వచ్చిన పాసులు రెండు ఇచ్చింది. ఒంటిగంట దాకా కచేరీలు వినడం, అక్కణ్ణుంచి అబిడ్స్ నడిచివెళ్ళి విజయేందర్ దుకాణంలో వయొలిన్ కొనడం, మూడింటికల్లా హిమాయత్‌నగర్‌లో ఇంటికి చేరి భోజనం చేయడం. ఆదివారాలు విజయేందర్ మధ్యాహ్నం గాని దుకాణం తెరవడు కాబట్టి ఈ వరస.

వయొలిన్ పాతదే, కానీ పదిహేను రోజుల కిందట దాన్ని ఐదు నిమిషాలు వాయించి వచ్చినప్పటి నుంచి కీర్తికి వేరే వాయిద్యం ఏదీ వాయిద్యంలా అనిపించడం లేదు. ధర పద్దెనిమిది వేలు. "ఆదివారం పొద్దుగూకేదాకా ఎవ్వరికియ్య. సోమవారం ఖైరతాబాద్ నుంచి ఒకాయన వస్తడు, ఆయన కొనుక్కపోతడు. నగదే పట్టుకరాండ్రి, ఫోన్ల పైసలు నాకొద్దు," అని విజయేందర్ ఖచ్చితంగా చెప్పాడు. అమ్మమ్మ శేషారత్నం పద్దెనిమిది వేల రెండు వందలు జేబురుమాలులో మూటకట్టి, తాతయ్య బనియను లోపలి జేబులో పెట్టి, పిన్నీసు గుచ్చి పంపింది.

కీర్తి పదో తరగతి దాకా రేపల్లె దగ్గర పల్లెలో చదివి, జూన్‌లో ఇంటర్‌కి తాతయ్య ఇంటికి వచ్చింది. ఆ పిల్లకు మాట లేక కాదు, ఉన్న మాట గొంతు దాటి రాదు. కాలేజీలో పేరు పిలిస్తే ఆమె పలికిన "ప్రెజెంట్" ముందు బెంచీ దాకా కూడా వెళ్ళదు. హాజరు పట్టీ ప్రకారం ఆమె సగం రోజులు కాలేజీకే రాలేదు.

మైదానం గేటు దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. లోపల నగదు చెల్లదని పెద్ద బోర్డు పెట్టారు. ఏం కొనాలన్నా కౌంటరులో డబ్బు కట్టి చేతికి ఒక బ్యాండు వేయించుకోవాలి. దాన్ని షాపువాడి మిషనుకు ఆనిస్తే డబ్బు దానంతట అదే పోతుంది. తాతయ్య ఆ బోర్డు రెండుసార్లు చదివాడు. గేటు దాటేలోగా ఆయన చెయ్యి బనియను జేబు మీదికి పదహారుసార్లు వెళ్ళింది.

"ఈ తొక్కిడిలో పిన్నీసు ఎంతసేపు ఆగుతుంది? జేబు కొట్టేవాడు ఉంటాడు గానీ చెయ్యి కొట్టేవాడు ఉండడు కదా," అన్నాడు. ఆయన ముఖం వెలిగింది. మూట విప్పి మొత్తం కౌంటరులో పెట్టాడు. "అమ్మా, ఇదంతా వేసెయ్. రసీదు ఇస్తావుగా?"

ఆయన తప్పు అనడానికి లేదు. నాంపల్లి స్టేషను క్లోక్‌రూములో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. ప్రయాణికుడు పెట్టె ఇచ్చేవాడు, ఈయన చీటీ ఇచ్చేవాడు. సాయంత్రం చీటీ చూపిస్తే పెట్టె తిరిగి వెళ్ళేది. లోకంలో అప్పగించిన వస్తువులన్నీ ఈ పద్ధతి మీదే నడుస్తాయని ఆయన నమ్మకం.

కౌంటరు అద్దం మీద అడుగున చీమల బారులాంటి అక్షరాలు కీర్తి కంటపడ్డాయి. మిగిలిన మొత్తం తిరిగి ఇవ్వబడదు, సాయంత్రం ఆరు తర్వాత బ్యాండు పనిచేయదు అని ఉంది. "తాతయ్యా," అంది. వెనక వరసలో పాతికమంది తననే చూస్తున్నట్టు అనిపించి ఆ పిలుపు పెదవుల దగ్గరే ఆగిపోయింది. మళ్ళీ పిలిచింది. మూడోసారి కాస్త వినపడేలా పిలిచేసరికి బ్యాండు తాతయ్య మణికట్టు మీద టక్కుమని బిగుసుకుంది. చీటీ జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటూ, "ఏమిటమ్మలూ?" అన్నాడాయన.

సంగతి చెప్పడానికి ఆమెకు ఒక టీ పట్టింది. టీ అరవై రూపాయలు. ఇద్దరికీ నూట ఇరవై. ఆ ధర విని తాతయ్య ఎంత ఉలిక్కిపడ్డాడో, కీర్తి చెప్పింది విని అంత నిదానంగా లేచాడు. మనుషులు నిజంగా కంగారుపడినప్పుడు నిదానిస్తారు.

ఉత్సవం నిర్వాహకుడు శ్రీహరి ముప్పై ఏళ్ళ కుర్రాడు, మెడలో రెండు కార్డులు, చేతిలో వాకీటాకీ. తాతయ్య చీటీ చూపించాడు.

"సార్, ఇది టాప్‌అప్ రసీదు. వేసుకోవడమే ఉంటది, తీసుకోవడం ఉండదు."

"అదెలా బాబూ? మేము పెట్టె తీసుకుంటే పెట్టె ఇచ్చేవాళ్ళం. తాళం ఊడొస్తే తాళం కూడా ఇచ్చేవాళ్ళం."

"మీ దగ్గర ఉండుంటది సార్. మా సాఫ్ట్‌వేర్ల లేదు. ఆరింటిదాక టైముంది కదా, మంచిగ తినుండ్రి."

పద్దెనిమిది వేలకు ఇద్దరు మనుషులు ఆరు గంటల్లోగా ఏం తినగలరో తాతయ్య ఆలోచించాడు. పైగా ఆయనకు షుగరు. కీర్తి నేల చూపులు చూస్తూ నిలబడింది. కౌంటరు దగ్గర ఒక్క మాట గట్టిగా అని ఉంటే వయొలిన్ తనదయ్యేది. ఇప్పుడు ఖైరతాబాదాయనది.

అప్పుడు టీ కొట్టు దగ్గర గొడవ వినిపించింది. మైదానం ఊడ్చే కిష్టవ్వ చీపురు చంకలో పెట్టుకుని కొట్టువాడి ముందు నోట్లు ఊపుతోంది.

"ఏంది, గీ నోటు మీద గాంధీ లేడా? తెల్లారంగ వచ్చిన, ఒక్క చాయ కోసం చేతికి గొలుసేసుకోవాల్నా?"

"నేనేం చెయ్యాలె అవ్వా? మిషను నోటు తీసుకోదు."

కీర్తి తాతయ్య చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మిషనుకు ఆనించింది. అది కీచుమంది. కిష్టవ్వ చాయ అందుకుని, అరవై రూపాయలు కీర్తి అరచేతిలో కుక్కింది. "ఫుకట్ల తాగ బిడ్డా. పట్టు."

కీర్తి చేతిలో నోట్లు. తాతయ్య చేతికి బ్యాండు. ఆ రెంటినీ ఆమె మార్చి మార్చి చూసింది.

"అవ్వా," అంది చిన్నగా, "నీలాగా నగదు తెచ్చుకున్నవాళ్ళు ఇంకా ఉంటారా?"

"ఉండకేం, సగం మంది గా కౌంటరు లైను చూసి ఆకలికి గోళ్ళు కొరుక్కుంటున్నరు. ఎందుకు?"

కీర్తి చెవిలో చెప్పింది. ఆ పిల్ల చెవిలో చెప్పింది కిష్టవ్వ మైదానమంతా చెప్పింది. "నగదున్నోళ్ళు గిటు రాండ్రి. గీ తాత చేతిల పైసలున్నయ్. మీరు నోటియ్యుండ్రి, ఆయన చెయ్యి పెడతడు."

మొదట నలుగురు వచ్చారు. తర్వాత పదిమంది. తాతయ్య దోసె కొట్టుకు వెళ్తే అందరూ దోసె కొట్టుకు, ఐస్‌క్రీము దగ్గరికి వెళ్తే ఐస్‌క్రీము దగ్గరికి. ఒకరినొకరు తోసుకోవడం చూసేసరికి ఆయనలోని క్లోక్‌రూము గుమాస్తా మేలుకున్నాడు. ఉత్సవం కరపత్రాలు చింపి వెనక నెంబర్లు వేయమని కీర్తికి ఇచ్చాడు. "చీటీ లేనివాళ్ళు పక్కకు నిలబడండి. పద్నాలుగు ఎవరు? పద్నాలుగు, ముందుకు రండి. చిల్లర ఉంటే మంచిది." రిటైరైన ఈ ఏడేళ్ళలో ఆ గొంతు ఇంట్లో ఎవరూ వినలేదు.

వరస పెరిగాక దాని తోకలో ఉన్నవాళ్ళకు తల ఎందుకుందో తెలియకుండా పోయింది. ఒక యువకుడు, "ఏం లైన్ అన్నా?" అని అడిగితే, "ఎవరో పెద్ద విద్వాంసులంట, చెయ్యి కలుపుతున్నరు," అని జవాబు వచ్చింది. పట్టుపంచె కట్టుకున్న ఒకాయన సరాసరి ముందుకు వచ్చి నమస్కరించాడు.

"తమరు ఎన్నాళ్ళు చేశారు సాధన?"

"ముప్పై ఒక్క ఏళ్ళు. ఒక్క రోజు ఆలస్యంగా వెళ్ళలేదు," అన్నాడు తాతయ్య, ఇరవై రెండో నెంబరు చీటీ చూస్తూ.

"గురువుగారు?"

"వెంకటేశ్వర్లు గారు. మహా కోపిష్టి. కానీ చేయి తిరిగిన మనిషి."

పట్టుపంచె ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన కీర్తిని తాతయ్య పేరడిగి తిన్నగా వేదిక దగ్గరికి వెళ్ళాడు. ఐదు నిమిషాల్లో మైకులో, "రసికులారా, వృద్ధ విద్వాంసులు రాధాకృష్ణమూర్తి గారు ప్రచారమంటే గిట్టక దోసె కొట్టు దగ్గర సామాన్యుల మధ్య ఉన్నారు," అని వినిపించింది. దాంతో మిగిలిన సగం మైదానం కూడా ఇటు తిరిగింది. ఒక తల్లి పసివాణ్ణి తెచ్చి తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చోబెట్టి, వీడికి స్వరజ్ఞానం కలగాలని దీవించమంది. ఆయన దీవించి, చీటీ లేనందువల్ల ఆమెను వరస చివరికి పంపాడు.

శాలువా పట్టుకుని జనాన్ని తోసుకుంటూ వచ్చిన శ్రీహరి, విద్వాంసుణ్ణి చూసి ఆగిపోయాడు.

"సార్. మీరా?"

"నేనే బాబూ. చీటీ ఉందా?"

శ్రీహరి చీటీలు చూశాడు, నోట్ల కట్ట చూశాడు, ముఖం ఎర్రబడింది. "నా ఉత్సవంల మీరు సొంత కౌంటర్ పెట్టుకున్నరా? గిది రూల్స్‌కి విరుద్ధం. బ్యాండు కట్ చేయిస్త." జేబులోంచి కత్తెర తీశాడు.

బ్యాండులో ఇంకా ఏడు వేలు ఉన్నాయి. తాతయ్య చేతిని వెనక్కి లాక్కున్నాడు, కానీ నియమం పేరు చెబితే ఆయనకు నోరు పెగలదు. నియమాల్లోనే బతికిన మనిషి. కీర్తి చుట్టూ చూసింది. రెండు వందల మంది. అందరూ ఇటే. ఈసారి మాట ఆగలేదు.

"ఏం తప్పు చేశాం?" అంది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది. "టీ తాగాలనుకున్నవాళ్ళు టీ తాగారు. మీ కొట్లకు డబ్బులు వచ్చాయి. మా డబ్బులు మాకు వస్తున్నాయి. ఇందులో ఎవరి డబ్బు పోయిందో చెప్పండి. చెబితే ఇప్పుడే ఇచ్చేస్తాం."

"అడిగింది చెప్పు పిలగా," అంది కిష్టవ్వ వెనక నుంచి.

శ్రీహరి నోరు తెరిచాడు. వాకీటాకీ ముందుగా మాట్లాడింది. "అన్నా, టాప్‌అప్ మిషన్లన్ని బంద్ అయినయ్. గీడ మంది తిడుతున్నరు. దోసె కొట్టు కాడ ఎవరో తాత నగదు తీసుకుంటున్నడట కదా, గాడికే పోన్రి అని పంపిస్తున్నం. కొంచెం చూసుకో."

శ్రీహరి కత్తెర జేబులో పెట్టుకున్నాడు. శాలువా ఏం చేయాలో తోచక తాతయ్యకే కప్పాడు. జనం చప్పట్లు కొట్టారు.

మూడున్నరకు బ్యాండు ఖాళీ అయింది. కొట్టువాడి మిషను కీచుమనకుండా గుడ్లగూబలా చూసింది. కీర్తి ఒళ్ళో పద్దెనిమిది వేల ఎనభై రూపాయలు, నూర్లు, యాభైలు, పదులు, ఒక పిడికెడు నాణేలు.

శ్రీహరి పరుగెత్తుకొచ్చాడు. "సార్, మిషన్లు ఇంక లేవలేదు. ఇంకో ఇరవై వేలు నేనే ఏదో చేసి మీ బ్యాండుల వేయిస్త. జర ఆరింటిదాక కూర్చోండ్రి."

"బాబూ, కౌంటరు మూసేశాం," అన్నాడు తాతయ్య.

అబిడ్స్ దాకా ఇద్దరూ దాదాపు పరుగెత్తారు. విజయేందర్ దుకాణం తెరిచే ఉంది. అద్దాల బీరువాలో వయొలిన్ ఉంది. కీర్తి దాన్ని చూసి నవ్వింది. తాతయ్య నోట్ల మూట బల్ల మీద పెట్టాడు. విజయేందర్ మూటను చూసిన తీరు, అందులో తేలు ఉన్నట్టుంది.

"నగదు తెచ్చిన్రా," అన్నాడు నీరసంగా.

"నువ్వే కదయ్యా తెమ్మన్నావు?"

"పదిహేను రోజుల కింద అన్న. ఇప్పుడు జమానా మారింది. గల్లాల పైసలుంటే నేను దోస్తులకు బిర్యానీలు తినిపిస్తున్ననని మా బిడ్డ అలేఖ్య గల్లా తాళం చెవి పట్టుకపోయింది. గీ డబ్బా పెట్టింది." బల్ల మీద చిన్న స్పీకరు, దాని పక్కన ఫోనుతో డబ్బు కట్టేందుకు గళ్ళ బొమ్మ ఉన్న అట్ట. "పైసలు పడితే గిది అరుస్తది, ఆమె ఫోన్‌కు మెసేజ్ పోతది. అరవకుండ వయొలిన్ బయటికి పోతే నేను ఇంటికి పోవుడు కష్టం."

తాతయ్యది బటన్లు నొక్కే ఫోను. కీర్తికి అదీ లేదు. తాతయ్య కుర్చీలో కూలబడ్డాడు. శాలువాతో ముఖం తుడుచుకున్నాడు.

కీర్తి మాత్రం కూర్చోలేదు. మూట తీసుకుని పక్కనున్న ఇరానీ హోటలుకు వెళ్ళింది. గల్లా దగ్గర సేఠ్ ఒక గిరాకీతో చిల్లర కోసం తగువాడుతున్నాడు. ఐదు వందల నోటుకు రెండు చాయలు తాగితే మిగతాది ఎక్కడ తేవాలని ఆయన బాధ. కీర్తి మూట విప్పి ఆయన ముందు పెట్టింది. పదుల కట్టలు చూసి సేఠ్ గొంతు మెత్తబడింది.

"యే అంతా చిల్లరేనా బేటీ? నాకే ఇస్తావా?"

"ఇస్తానండీ. పక్క దుకాణం డబ్బా అరవాలి, అంతే."

సేఠ్ రెండుసార్లు లెక్కపెట్టుకుని, ఫోను తీసుకుని స్వయంగా దుకాణానికి నడిచి వచ్చాడు. డబ్బా, పద్దెనిమిది వేల ఎనభై రూపాయలు అందాయని వీధి చివరిదాకా వినపడేలా ప్రకటించింది. విజయేందర్ ముఖంలోకి రక్తం తిరిగి వచ్చింది. పైన ఉన్న ఎనభైకి కమానుకు రాసే రోజిన్ బిళ్ళ ఇచ్చి, వయొలిన్ పెట్టె తీసి కీర్తి చేతిలో పెట్టాడు.

"వాయించి చూసుకో బిడ్డా."

ఆమె వాయించింది. ముందు పదిహేను రోజుల కిందట వాయించినంత మెల్లగా, తర్వాత అంత మెల్లగా కాకుండా. తాతయ్య కళ్ళు మూసుకుని, ఆపమనే దాకా విన్నాడు. ఆపమని ఎవరూ అనలేదు.

బస్‌స్టాప్‌కు వచ్చాక ఆయన జేబులన్నీ తడుముకున్నాడు. ఆడపిల్లకు బస్సు ఉచితం, ఆయనకు కాదు. ఇద్దరి దగ్గరా కలిపి ఒక్క రూపాయి మిగల్లేదు. హిమాయత్‌నగర్ దాకా ఆ సాయంత్రం ఇద్దరూ వయొలిన్ పెట్టెను వంతులవారీగా మోసుకుంటూ నడిచారు. నడిచేవాళ్ళను నగదా, ఫోనా అని ఎవరూ అడగలేదు.