పిట్ట ముట్టిన పిజ్జా

స్టీలు సామాన్ల దుకాణం అమ్మగా మిగిలిన సొమ్ము, సిద్దిపేట మెయిన్ రోడ్డు మీద కిరాయికి దొరికిన ఒక షట్టరు, భార్య పద్మమ్మ చేతి రుచి. హోటల్ తెరిచిన నాడు నాగేశం దగ్గర ఉన్నవి ఇవే. ఊళ్లో పిల్లలు పిజ్జా అంటే ఎగబడతారు, పెద్దలు సర్వపిండి అంటే ప్రాణం పెడతారు. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నెకు తట్టి కాల్చే సర్వపిండి మీద చీజ్ వేసి అమ్మితే రెండు రకాల గిరాకీ ఒకే గల్లాలో పడుతుందని అతని లెక్క. కూడిక సరిగానే ఉంది. జవాబే తిరగబడింది.

పిల్లలు వచ్చి, "అంకుల్, గిది పిజ్జా కాదు, పండ్లు ఊడుతున్నయ్" అని పోయారు. పెద్దలు వచ్చి, "సర్వపిండి మీద గీ జిగురేంది? మీ అవ్వ గిట్లనే చేసేదా?" అని పోయారు. రెండు గిరాకీలూ కలవలేదు, రెండూ పోయాయి.

బామ్మర్ది కర్ణాకర్‌కు ప్రజ్ఞాపూర్‌లో సిమెంటు దుకాణం ఉంది. రోజూ ఫోన్ చేసేవాడు. "ఎందుకు తిప్పలు బావా? వచ్చి నా గల్లా కాడ కూసో. ఫ్యాను కిందనే ఏస్త కుర్సీ." నెల తిరిగేలోగా షట్టరు కిరాయికి సరిపడా రాకపోతే ఆ కుర్చీ తప్పదు. బామ్మర్ది ఫ్యాను గాలి కంటే రోడ్డు మీద ఎండే నయమని నాగేశానికి గట్టిగా అనిపించేది.

ఆ ఉదయం ఛాయ్ తాగుతూ అతను ఒక ఉపాయం ఆలోచించాడు. టెంట్ హౌస్ స్వామికి ఫోన్ చేశాడు.

"ఇయ్యాల కుర్సీలు ఏడికి పోయినయ్ స్వామీ?"

"తొగుట కాడ వీరయ్యోళ్ల చెలకకు పంపిన నాగేశన్నా. వంద కుర్సీలు."

కుర్చీలు పోయిన చోట తినే నోళ్లు ఉంటాయని వ్యాపారం అతనికి నేర్పింది. ఎన్ని కుర్చీలో తెలుసుకున్నాడు. ఎందుకో అడగలేదు.

"ఇరవై పిజ్జాలు కాల్చు" అన్నాడు పద్మమ్మతో. "పుణ్యానికి పంచొస్త. నాలుక్కు రుసి తగిలితె రేపు వాళ్లే ఎతుక్కుంట వస్తరు."

"పైసలిచ్చెటోళ్లే తింటలేరు. పుణ్యానికిస్తె తింటరా?" అంటూనే ఆమె పిండి కలిపింది.

వీరయ్య తండ్రి దుబ్బయ్య చనిపోయి అది మూడో రోజు. ఆయనకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి, మెట్టచేను అయిన ఆ చెలక గట్టు మీద ఉంచారు. పిట్ట వచ్చి ముట్టేదాకా అక్కడున్న ఎవరూ మెతుకు ముట్టకూడదు. మటన్ పెట్టారు, గారెలు పెట్టారు, కల్లు పోశారు. వేపచెట్టు మీద కాకులు కిందికి చూస్తున్నాయే తప్ప దిగడం లేదు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది. ముసలాయనకు ఏ కోరిక మిగిలిపోయిందోనని ఇంటివాళ్లు దిగులు పడుతుంటే, చుట్టాలు బగారన్నం వండిన గంజు వైపు చూస్తున్నారు.

అప్పుడే నాగేశం ఆటో దిగాడు. ముందు వరుసలోని చేతుల్లో డబ్బాలు పెడుతూ గొంతెత్తాడు. "తినున్రి, మొహమాటపడకున్రి! గిసొంటి కార్యాలు ఇంటింటికి కావాలె!"

గుండుతో ఉన్న వీరయ్య లేచి వచ్చాడు.

"ఎవరే నువ్వు? మా నాయిన సచ్చిండని పిజ్జాలు పంచుతున్నవా?"

నాగేశానికి అప్పుడు కనిపించింది దండ వేసిన ఫోటో. వెనక్కి తిరిగితే సరిపోయేది. కానీ వ్యాపారి నోరు ఊరుకోదు. "అయ్యో అన్నా, దుఃఖంల గుడ తినొచ్చు. కారం తక్కువనే ఏసినం."

వీరయ్య అతని చేతిలోని డబ్బాను లాగి గట్టు మీదికి విసిరాడు. మూత ఊడి, ఒక ముక్క విస్తరి పక్కన పడింది. చెట్టు మీది నుంచి కాకి ఒకటి నేరుగా దాని మీదికి దిగి, పొడుచుకుని ఎగిరిపోయింది.

"ముట్టింది! పిట్ట ముట్టింది!" జనమంతా గంజు వైపు కదిలారు.

"ఆగున్రి!" అన్నాడొక పెద్దమనిషి. "గది తిన్నది పిండా, పైన జిగురా? పిండి మనది. జిగురు మనది కాదు. ఉత్త జిగురు తింటె లెక్కకు రాదు."

"జిగురు కింద ఉన్నది మనదే గద బాపూ!"

"కిందిది గట్లనే ఉన్నది, సూడు!"

నాగేశం ఒక కుర్చీలో కూలబడ్డాడు. హోటల్లో రోజూ వింటున్న పంచాయితే ఇది. దీన్ని వినడానికి ఆటో కిరాయి పెట్టుకుని మరీ వచ్చాడు. ఎవరూ తగ్గకపోవడంతో చివరికి దుబ్బయ్య భార్య కొమురవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని లేచింది.

"ఆయినెకు మూడేండ్ల సంది నోట్ల ఒక్క పన్ను లేకుండె. పిండి ఏడ నములుతడు? మెత్తది తిన్నడు. ఇగ లేవున్రి, ఆకలైతుంది."

ఆ మాటతో జనమంతా మళ్లీ గంజు వైపు కదిలారు.

వారం తిరగకముందే ఈ కబురు విని కోహెడ నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "అన్నా, మా నాయినకు పిట్ట ముడుతలేదు. గా పిజ్జా ఒకటి బస్సుల ఎయ్యరాదే?" తర్వాత మరొకటి. ఆ తర్వాత ముందుగానే చెప్పి పెట్టుకోవడం మొదలైంది. మనిషి ఊపిరి ఉండగానే ఆర్డర్ ఇచ్చినవాళ్లూ ఉన్నారు. "గాళ్ల ఇంట్ల మనిషి కోలుకున్నడంటె ఆర్డర్ పోయిందని మొకం మాడ్చుకుంటున్నవు" అని పద్మమ్మ మొగుణ్ని తిట్టింది. "నా చేతి పిండి కాకులపాలు చేస్తివి." అయినా పొయ్యి ఆర్పలేదు.

నెలాఖరున బావను తీసుకుపోదామని కర్ణాకర్ వచ్చాడు. షట్టరు ముందు గుండ్లు చేయించుకున్న మగవాళ్లు మౌనంగా వరుసలో నిలబడి ఉన్నారు. లోపల మాత్రం బల్లలన్నీ ఖాళీ. అతను ఒక బల్ల ముందు కూర్చుని, "అక్కా, ఆకలైతుంది. నాకు గుడ ఒకటి పెట్టు" అన్నాడు. చాలా రోజులకు ఒక మనిషి అడిగాడని పద్మమ్మ మురిసిపోయి వేడివేడిగా తెచ్చి పెట్టింది.

వరుసలో ముందున్న గుండాయన ఆశ్చర్యంగా తొంగిచూశాడు. "ఏందే, బతికున్నోళ్లు గుడ తింటరా గిది?"

కర్ణాకర్ చెయ్యి నోటిదాకా వెళ్లి ఆగింది. ముక్కను పళ్లెంలో పెట్టి లేచాడు. "బస్సుకు టైమైతుందక్కా" అన్నాడు. బావ సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

నాగేశం మొత్తం లెక్క చూసుకున్నాడు. షట్టరు నిలిచింది, ప్రజ్ఞాపూర్ కుర్చీ తప్పింది. తిని బాగుందన్న మనిషి మాత్రం ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.