పదహారు ఉండాలి

పదింటికి దుకాణానికి వెళ్లి, పన్నెండింటికల్లా ల్యాప్‌టాప్ కంప్యూటరుతో తిరిగొచ్చి, అన్నం తిని కాసేపు నడుం వాల్చాలి. గడియారాలు బాగుచేసే ఆ పెద్దమనిషి ఆ ఉదయం వేసుకున్న పథకం అంతే. మర్నాడే కూతురికి ఇంజనీరింగులో మొదటి క్లాసు. సివిల్ తీసుకుంది. వంతెనలు గీసే సాఫ్ట్‌వేరు మామూలు కంప్యూటర్లో నడవదని సీనియర్లు చెప్పారట. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఆయనకు ముద్ద దిగడం లేదు.

కూతురు కాలేజీలో కాగితాలివ్వడానికి వరసలో నిలబడి ఉంది. ఆయన దుకాణం గుమ్మంలోంచే ఫోన్ చేశాడు.

"అన్నిటికన్నా ముఖ్యంగా ఏం చూడాలమ్మా?"

"పదహారు ఉండాలి నాన్నా. అంతకు తగ్గితే వంతెన సగంలో ఆగిపోతుంది. నా వంతొచ్చింది, ఉంటా."

పదహారు ఏమిటని అడిగేలోపే ఫోన్ కట్టయింది. సగంలో ఆగిన వంతెన ఆయన కళ్లముందు కనబడింది. జేబులోంచి స్కేలు తీసి, వరసగా తెరలు కొలవడం మొదలుపెట్టాడు.

"ఇది తీసుకోండి సార్, పదిహేనున్నర పైనే," అన్నాడు దుకాణదారు.

"పదహారంటే పదహారే. ఆ అర అంగుళం దగ్గర వంతెన కూలితే పూచీ ఎవరిది?"

దుకాణదారు ఎందరో కొనుగోలుదార్లను చూసినవాడు. మారు మాట్లాడకుండా లోపలికెళ్లి, ఉన్నవాటిలోకెల్లా పెద్దది మోసుకొచ్చాడు. మూల నుంచి మూలకు కొలిస్తే సరిగ్గా పదహారు. ఆయన దాన్ని చంటిబిడ్డలా రెండు చేతులా ఎత్తుకుని ఇల్లు చేరాడు.

కూతురు అట్టపెట్టె విప్పి, మీట నొక్కి, ఏదో చూసి తలెత్తింది.

"ఇందులో ఎనిమిదే ఉంది నాన్నా."

"ఎనిమిదేంటమ్మా, రెండుసార్లు కొలిచాను."

"మెమొరీని కొలిచావా? దేంతో?"

ఆయన స్కేలును మెల్లగా జేబులోకి తోసేశాడు.

మళ్లీ దుకాణానికి పరుగు. పెట్టె విప్పాక వెనక్కి తీసుకోరట. ఇంకో ఎనిమిది జీబీ మెమొరీ ఉన్న పట్టీ ఇస్తారట కానీ, బిగించే మనిషి గురువారం గానీ రాడట.

"నేను బిగించుకుంటా," అన్నాడాయన.

సాయంత్రం బల్ల మీద గుడ్డ పరిచి, కంటికి భూతద్దం తగిలించుకున్నాడు.

"ఏవండీ, అది గడియారం కాదు," అంది భార్య.

"వెంట్రుకంత స్ప్రింగులు బిగించినవాణ్ణి. ఇదో లెక్కా?"

పదకొండు మరలు విప్పాడు. పట్టీ తొడిగి, పదకొండూ తిరిగి బిగించాడు. మీట నొక్కితే తెర నల్లగా ఉండిపోయింది. మళ్లీ నొక్కాడు. అదే నలుపు.

మళ్లీ పదకొండూ విప్పాడు. బ్యాటరీ తీగ ఊడి ఉంది. ఊడదీసింది తనే, తగిలించడం మరిచిందీ తనే. ఆ సంగతి పైకి చెప్పకుండా తగిలించి నొక్కాడు. తెర వెలిగింది.

"పదహారు," అంది కూతురు. సాఫ్ట్‌వేరు తెరిచి ఓ వంతెన గీసింది. అది ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా చేరేవరకూ ముగ్గురూ ఊపిరి బిగపట్టి చూశారు.

మర్నాడు ఆ బరువుకు ఒక పక్కకు ఒరిగి నడుస్తూ కూతురు కాలేజీకి వెళ్లింది. మధ్యాహ్నం ఫోన్ చేసింది.

"నాన్నా, ఈ ఏడాదంతా కంప్యూటరు ముట్టుకోవద్దన్నారు మా సారు. బొమ్మలన్నీ చేత్తోనే గీయాలట. పెన్సిలు తెచ్చుకోమన్నారు."

నిన్న బిగించిన పదకొండు మరలూ ఆయనకు గుర్తొచ్చాయి. తర్వాత మెల్లగా గుండె కుదుటపడింది. పెన్సిలంటే తనకు తెలిసిన వస్తువే. తన గడియారాల కొట్టు మూసి, తేలిగ్గా అడుగులేసుకుంటూ పక్కవీధి పుస్తకాల దుకాణానికి వెళ్లి, ఇంజనీరింగు పిల్లకు పెన్సిలు కావాలన్నాడు.

"ఏ రకం సార్? హెచ్‌బీనా, హెచ్చా, టూ హెచ్చా, ఫోర్ హెచ్చా?"

ఆయన అక్కడున్న ముక్కాలిపీట మీద కూర్చుని, ముందు కాసిని మంచినీళ్లు ఇమ్మన్నాడు.