పటేల్ దర్వాజకు జాజు

ఆ ఆదివారం పొద్దున సుమిత్ర పెట్టుకున్న పని ఒక్కటే. జొన్నరొట్టెలు కాలుతుండగా పిల్లలకు మోషే కథ చెప్పాలి, అది పక్కన కూర్చున్న మొగుడికి తగలాలి. పదేళ్ల నీలమ్మ సోమవారం నుంచి బడి మాని తన కొట్టంలో పేడ తీయాలని సిద్దప్ప పటేల్ కబురు పెట్టాడు. పటేల్ కబురంటే అడగడం కాదు. సుమిత్ర మొగుడు గుండయ్య సరేనని తల ఊపి వచ్చాడు. పటేల్ ముందు ఆ తలకు ఇంకో కదలిక తెలియదు.

సుమిత్రకు అక్షరం రాదు. చర్చిలో విన్న కథను రొట్టె చరిచినంత గట్టిగా చెప్పేది. ఆమె చెప్పే ఐగుప్తులో ఫరో రాజుకు మీసాలున్నాయి, చెరుకుతోట కూడా ఉంది. మా మనుషులను విడువుమని మోషే ఎన్నిసార్లు అడిగినా ఫరో వినలేదు. ఇక ఆఖరి రాత్రి చావు వచ్చింది.

"గొర్రెపిల్ల నెత్తురు దర్వాజకు పూసుకున్నోళ్ల ఇంట్లకు అది రాలే. పూయనోళ్ల పెద్దకొడుకులు పోయిన్రు. సమజైందా?" అంది, మొగుడి వైపు చూస్తూ.

గుండయ్య ఉల్లిగడ్డ ఉందా అని అడిగాడు. తిని, పటేల్ చెరుకు కొట్టడానికి పోయేముందు చెన్నబసప్ప హోటల్లో చాయ్ తాగడానికి లేచాడు. సుమిత్ర బట్టలమూటతో వాగుకు పోయింది.

సమజైంది నీలమ్మకు. ఇంట్లో ఉన్న ఒక్క మేకపిల్లను కోయడానికి మనసొప్పలేదు. క్రిస్మస్‌కు గోడలు అలకాలని అమ్మ కుండలో జాజు నానబెట్టి ఉంచింది. ఎర్రమట్టే అయినా నెత్తురు కంటే ఎర్రగా ఉంది. గుడ్డ ముంచి సొంత దర్వాజకు పూసింది. పక్కింటి పిల్లలు మా ఇంటికో అని ఏడ్చారు. వాడ వాడంతా పూసింది. అప్పుడు శివరాజ్ గుర్తొచ్చాడు. పటేల్ పెద్దకొడుకు, కనబడితే బెల్లంముక్క పెట్టేవాడు. ఫరో చెడ్డవాడే, శివరాజ్ ఏం చేశాడు? కుండలో మిగిలిందంతా పట్టుకుపోయి పటేల్ పెద్ద దర్వాజకు రెండింతలు పూసి వచ్చింది.

అది ఎమర్జెన్సీ కాలం. మలేరియా మందు కొట్టేవాళ్లు ఇంటింటి గోడ మీదా ఎర్రమట్టితోనే రాసిపోయేవారు. ఎర్ర గుర్తంటే సర్కారుదే. దర్వాజలన్నీ ఎర్రబడ్డాయన్న మాట హోటల్ దాకా పోయింది. ఈసారి సర్కారుకు ఏం కావాలన్నదే ప్రశ్న. చెన్నబసప్ప దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. పిల్లలు పుట్టకుండా మొగవాళ్లను పట్టుకుపోయి ఆపరేషన్లు చేస్తున్నారని జహీరాబాదు మీదుగా పోయే బొంబాయి రోడ్డు లారీవాళ్లు రోజూ అతని హోటల్లోనే చెప్పి పోతున్నారు.

"గుర్తు పెట్టిన ఇండ్లకే జీపొస్తదంట," అన్నాడు చెన్నబసప్ప, గ్లాసు కడుగుతూ.

చాయ్ సగంలో వదిలి వాడలోని మొగవాళ్లంతా పటేల్ చెరుకుతోటలో దూరారు. గుండయ్య అందరికంటే ముందు.

చెరుకు కొట్టేవాళ్లలో ఒక్కడూ రాలేదని పటేల్ తిట్టుకుంటూ హోటల్‌కు వచ్చాడు. చెన్నబసప్ప సంగతి చెప్పి, ఆఖరికి కలిపాడు. "మీ దర్వాజకే పెద్దగున్నది పటేలా. పెద్దోళ్లతోనే షురూ చేస్తరంట."

పటేల్ ఎనిమిదిమంది పిల్లల తండ్రి. ఇంటికి పోయి చూశాడు. నిజమే. అప్పుడే రోడ్డు మీద ఏదో హారన్ మోగింది. పటేల్ పంచె ఎత్తి పట్టుకుని సొంత చెరుకులోకి పరుగెత్తి, ఒకడి మీద పడ్డాడు. ఆ ఒకడు గుండయ్య.

"జరుగురా," అన్నాడు పటేల్. గుండయ్య జరిగాడు.

వాగు నుంచి వచ్చిన సుమిత్ర దర్వాజలు చూసింది, మోచేతుల దాకా ఎర్రబడ్డ కూతురిని చూసింది. మొగవాళ్లు ఎక్కడున్నారో, ఎందుకున్నారో ఆడవాళ్లు చెప్పారు. కొట్టడానికి ఎత్తిన చెయ్యి దించేసింది. మూట పడేసి చెరుకు గట్టు మీదికి పోయి పిలిచింది.

"జీపు పోయిందానే?" చెరుకు లోపలి నుంచి పటేల్ గొంతు.

"జీపు సంగతి నాకెరుకలేదు పటేలా. మీ దర్వాజ మీది గుర్తు మాత్రం నేను తుడుస్త. మా నీలమ్మ బడికే పోతది."

"తుడువు."

"బడికి?"

"పోనియ్యి తల్లీ, బడికే పోనియ్యి. ముందుగాల తుడువు."

తోట తోటంతా విన్నది. అంతలో వెనక నీలమ్మ ఏడుస్తూ పరుగెత్తుకొచ్చింది. "తుడువకే అమ్మా. తుడిస్తె శివరాజన్న సస్తడు."

చెరుకు రెండుగా చీలింది. మధ్యలోంచి పటేల్ బయటికి వచ్చాడు. పిల్ల చేతులు చూశాడు. మీసం అదిరింది. "రేపు పొద్దుగాల నా కొట్టంల లేకుంటె చెప్త..."

వెనక గుండయ్య లేచి నిలబడ్డాడు. ఈసారి తల ఊపలేదు.

"పటేలా, అంగీకి ఆకులంటుకున్నయి. గిట్లనే బజారుకు పోతె చెన్నబసప్ప అడుగుతడు, పటేల్ ఏడికెళ్లి వచ్చిండని. ఏం చెప్పమంటరు?"

అతని వెనక ఒక్కొక్కరే లేచారు. మీసాలున్నవాళ్లు, లేనివాళ్లు, అందరికీ ఆకులే. పటేల్ అంగీ దులుపుకున్నాడు. కాసేపు ఆలోచించి, జర తల మీద కూడా దులుపుమని గుండయ్యతోనే అన్నాడు.

సోమవారం నీలమ్మ బడికి పోయింది. పటేల్ భార్య పార్వతమ్మ తన దర్వాజను ఎవరినీ తుడవనివ్వలేదు. పెద్దకొడుకు సంగతి, ఎందుకొచ్చిన తంటా అంది.

ఆ రాత్రి రొట్టెల దగ్గర పిల్లలు మిగతా కథ అడిగారు. సముద్రం రెండుగా చీలింది, జనం బయటపడ్డారని చెప్పింది సుమిత్ర.

జహీరాబాదులో సముద్రం లేదు. ఉన్న చెరుకుతోటతోనే పని కానిచ్చారు.