నలభై తొమ్మిది పాయింట్ల వీరుడు

గురువారం పొద్దున అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో తన ఇంట్లో కాఫీ తాగుతూ పళ్ళ డాక్టరు పద్మనాభం ఒక చిన్న ప్లాను వేసుకున్నాడు. శనివారం ఎనిమిదింటికల్లా అరగంట దూరంలో ఉన్న ఆర్మీ రిజర్వు సెంటర్‌కి వెళ్ళడం, సైనికుల పళ్ళు చూడడం, సాయంత్రం నాలుగింటికి బయటపడడం. జీతం లేదు. దక్కేదల్లా రెండు పాయింట్లు, పూటకొకటి చొప్పున.

ఆ రెండింటి కోసం నెల రోజులు బతిమాలి శనివారం డ్యూటీకి ఆర్డర్స్ తెప్పించుకున్నాడు. అతను ఆ రిజర్వులో, అంటే అవసరమైతే పిలిచే పార్ట్‌టైమ్ సైన్యంలో, డాక్టరు. ఏడాదికి యాభై పాయింట్లుంటేనే ఆ ఏడాది రిజర్వు పెన్షన్‌కి పనికొస్తుంది. అలాంటి ఏళ్ళు ఇరవై కావాలి. పంతొమ్మిది అయ్యాయి, ఇరవయ్యోది నలభై ఎనిమిది దగ్గర ఆగింది, గడువు శనివారంతో సరి. అది గట్టెక్కితే యూనిఫాం విప్పేసి, ఇరాక్ పిలుపు భయం లేకుండా బతకొచ్చు.

"ఆర్డర్స్ వచ్చాయే!" అని వంటింట్లోకి కేకేశాడు. భార్య ప్రమోద ఆ సంగతి ఫోన్‌లో స్నేహితురాలు ఉమామహేశ్వరికి ఉన్నదున్నట్టే చెప్పింది. ఉమామహేశ్వరి తన వంతుగా కొంచెం కలిపింది. సాయంత్రానికల్లా ఊళ్ళో తెలుగువాళ్ళందరి లెక్కలో పద్మనాభం ఇరాక్ వెళ్ళిపోతున్నాడు.

తెలుగు సంఘం ప్రెసిడెంటు రామమోహనరావు ఫోన్ చేశాడు. "ఏమండీ డాక్టరు గారూ, యుద్ధానికి వెళ్తూ మాకొక్క మాట చెప్పరా? వియ్ ఆర్ సో ప్రౌడ్ అండీ!" ఆయన గొంతు వణికింది.

కాదని చెప్పడానికే పద్మనాభం నోరు తెరిచాడు. కానీ ఇన్నేళ్ళ పార్టీల్లో అందరూ తనని రూట్ కెనాల్ గురించి అడిగినవాళ్ళే. తన కోసం గొంతు వణికినవాళ్ళు ఒక్కరూ లేరు.

"డ్యూటీ కదండీ," అన్నాడు.

"ఏం డ్యూటీ? పళ్ళు పీకే డ్యూటీ!" అంది ప్రమోద. "ఇప్పుడే కాల్ చేసి నిజం చెప్పెయ్యండి."

"సండే చెబుదాంలే. పాపం, ఫీలవుతారు."

శనివారం ఏడింటికి యూనిఫాంలో గరాజ్ తలుపు తీస్తే డ్రైవ్‌వేకి అడ్డంగా పద్నాలుగు కార్లు. దండలు, హారతి పళ్ళెం, పులిహోర ట్రేలు. "ఎయిర్‌పోర్ట్‌కి మేమే డ్రాప్ చేస్తాం. నో ఆర్గ్యుమెంట్స్!" అన్నాడు రామమోహనరావు. అప్పుడైనా చెప్పాల్సింది. అంతలో ఉమామహేశ్వరి మనవరాలు హాసిని పద్మనాభం కాళ్ళకి చుట్టుకుని, "అంకుల్, మీరు మళ్ళీ వస్తారా?" అని ఏడ్చింది. "నాలుగింటికల్లా వస్తానమ్మా" అనబోయి, "వస్తానమ్మా" అని ఊరుకున్నాడు.

ఉపన్యాసాలు ముగిసి ఎయిర్‌పోర్ట్ చేరేసరికి పది. చివరి కారు కదిలేదాకా గాజు తలుపుల వెనక నిలబడి చెయ్యూపి, టాక్సీ పట్టుకుని, మెడలో దండతోనే రిజర్వు సెంటర్‌లోకి పరిగెత్తాడు.

"పొద్దుటి పూట పోయింది సర్," అన్నాడు అక్కడి సార్జెంటు. "ఆర్డర్‌లో ఉన్న టైము నేను మార్చలేను. మధ్యాహ్నానికి ఒకటిస్తాను. టోటల్ నలభై తొమ్మిది."

మర్నాడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి నిజం చెప్పాడు. ఎవరూ తిట్టలేదు. "ఓ, అలాగా," అన్నారు. తిట్టినా బాగుండేది. ఇరవయ్యో ఏడాది కోసం రిజర్వులో ఇంకో ఏడాది ఉండిపోయాడు.

ఆ ఏడాదిలోనే ఇరాక్‌కి అసలు ఆర్డర్స్ వచ్చాయి. ఆ రోజు ఒక్క మాట చెప్పి ఉంటే ఇవి తనదాకా వచ్చేవే కావు. ముందు ప్రమోదకి చెప్పి, తర్వాత రామమోహనరావుకి ఫోన్ చేశాడు.

"ఈసారి నిజంగానే వెళ్తున్నానండీ."

"వెళ్ళిరండి డాక్టరు గారూ. సాయంత్రానికి వచ్చేస్తారుగా!"

పాయింట్లకి మాత్రం ఈసారి లోటు లేదు, అక్కడ ఉన్నన్నాళ్ళూ రోజుకొకటి.