జోసఫ్ మైకు మీద తొమ్మిది నిమిషాలు

2006లో ఒక ఆదివారం. ఆ పొద్దుటికి చైతన్యకృష్ణ మాస్టారు వేసుకున్న పథకం చిన్నదే. తన వయొలిన్ పాటను ఊరికి వినిపించి, కిటికీ చాటునుంచి మొహాలు చూసి, మధ్యాహ్నానికల్లా మార్టూరు వెళ్ళి నెట్‌లో పెట్టేయడం.

మూడేళ్ళు కూర్చుకున్న తొమ్మిది నిమిషాల పాట అది. మాటల్లేవు. మూడు వెబ్‌సైట్లు చూసిపెట్టుకున్నాడు. ఒకటి భక్తులది, ఒకటి పడుచువాళ్ళది, మూడోది నిద్రపట్టనివాళ్ళది. ఒకచోట పెడితే ఇంకోచోట పెట్టనని ఒప్పుకోవాలి. మూడూ అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: ఇది వింటే ఏమనిపిస్తుంది? ఆ జవాబు గడి దగ్గరే మూడు వారాలుగా ఆగిపోయాడు. తనకేమనిపిస్తుందో తెలుసు. తన మాట తాను నమ్మే అలవాటు మాత్రం లేదు.

"మీ పేరు చెప్పకుండా ఊళ్ళో వేసి చూడండి మాస్టారూ," అన్నాడు నెట్ సెంటరు నాగూర్ వలి, విసుగెత్తి. "నిజం బయటపడుద్ది."

ఎనిమిదిన్నరకు మైకు సెట్టు జోసఫ్ వచ్చి డాబామీద హారన్ కట్టాడు. ఎవరడిగినా ఏమీ చెప్పొద్దన్నాడు చైతన్య. ఇంట్లో ఇంకెవరూ లేరు. నాయనమ్మ బసవమ్మ తొలి బస్సుకే చీరాల కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళింది. ఎనభై రెండేళ్ళు, తోడొస్తానంటే తిట్టింది.

పందిరి లేని ఇంటిమీద మైకు పొద్దున్నే మెల్లగా మూలిగితే ఆ ప్రాంతంలో దానికి ఒక్కటే అర్థం. మూడేళ్ళు సంగీతం గురించి ఆలోచించిన మనిషికి అది తట్టలేదు.

రెండో నిమిషానికి ఎదురింటి మస్తాన్‌బీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాలుగో నిమిషానికి మిరపకోతకు వెళ్ళే ట్రాక్టరు ఆగింది. కూలీలంతా దిగి తలగుడ్డలు తీశారు. కిటికీ చాటున చైతన్య అదంతా తన పాటకేననుకున్నాడు. పాట అవగానే మళ్ళీ వెయ్యమని జోసఫ్‌కు సైగ చేశాడు.

మూడోసారికి బుల్లయ్య పూలదండతో వచ్చాడు. దండ! చైతన్య ఇక ఆగలేక బయటికొచ్చాడు. అతని కళ్ళలో నీళ్ళు చూసి జనం గొల్లుమన్నారు.

"ఎన్నాళ్ళనుంచిరా?" భుజం పట్టుకున్నాడు బుల్లయ్య.

"మూడేళ్ళు బాబాయ్. ఎవరికీ చెప్పలేదు."

"మూడేళ్ళా! మొన్న కూడా నాతో గట్టు తగాదా పడిందే మహాతల్లి!"

చైతన్యకు అర్థంకాలేదు. ఇంతలో సైకిలుమీద వెదురుబొంగులు వచ్చాయి.

"ఇవెందుకు బాబాయ్?"

"లేకపోతే దేనిమీద మోస్తార్రా?"

అప్పుడే ఆటో ఆగింది. నల్లకళ్ళజోడుతో బసవమ్మ దిగింది. మైకు వింది. మసకమసకగా జనం, బొంగులు, దండ కనిపించాయి. ఇంట్లో ఉన్నది మనవడొక్కడే.

"ఓరి నా నాయనో! నన్నొదిలి పోయావంట్రా!" అంటూ ఆ మనవడి కాళ్ళ ముందే కూలబడింది. చుక్కలు వేసిన కళ్ళకు అతను ఆనలేదు.

పోయిందనుకున్న మనిషిని చూసి జనం నాలుగడుగులు వెనక్కి వేశారు.

"నాయనమ్మా, నేనిక్కడే ఉన్నా!"

"మరి పోయిందెవర్రా?"

"ఎవరూ పోలేదే. అది నా పాట."

బుల్లయ్య చేతిలో దండ చూసుకున్నాడు. "మరి దీన్నేం చెయ్యను?"

"వాడి మెళ్ళో వెయ్యి. ఊరంతటినీ ఏడిపించాడుగా సచ్చినోడు!" బసవమ్మ కళ్ళు తుడుచుకుని అరుగెక్కి కూర్చుంది. "ఒరే జోసఫూ, మొదట్నుంచి వెయ్యి. ఒరే చైతన్యా, నా రోజున ఇదే వేయించు."

వెళ్ళేముందు జోసఫ్ మెల్లగా అడిగాడు. "మాస్టారూ, ఒక సీడీ ఇప్పించండి. చావులకు వేసే క్యాసెట్టు అరిగిపోయింది."

ఇంకోచోట పెట్టనని సైటుకు మాటిచ్చేముందు, జోసఫ్ మైకు ఇంకోచోటు కిందికి రాదని చైతన్య తనకు తాను నచ్చచెప్పుకున్నాడు. నిద్రపట్టనివాళ్ళ సైటు ఎంచుకుని, ఆ గడిలో 'శాంతి' అని రాశాడు.

రెండు నెలల్లో ఏడు ఊళ్ళు అతని పాటకు ఏడ్చాయి. సైటులో పాట మోగింది పదకొండుసార్లు. అందులో తొమ్మిదిసార్లు తనే. పన్నెండోసారి విన్నవాడు బెంగుళూరునుంచి అభిప్రాయం రాశాడు:

"మాది పర్చూరు. వినగానే లేచి చెప్పులు విప్పేశాను. ఇంతకీ ఎవరు పోయారండీ?"