మొదటి వీలునామాకి రెండో సాక్షి

ఇకమీదట ఒక్క పౌరుడు కూడా వీలునామా రాయకుండా చనిపోకూడదని వారసత్వ శాఖ మంత్రిగారు ప్రకటించారు. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ వాక్యం రాసింది నేనే. మంత్రిగారి ఉపన్యాసాలు రాయడం నా ఉద్యోగం. ఆయన నోట్లోంచి వచ్చేవాటిలో దగ్గు తప్ప అన్నీ నావే.

పథకం పేరు 'ఇంటింటా వీలునామా'. కోర్టు చుట్టూ తిరిగి, వీలునామా చెల్లుతుందని ప్రొబేట్ తెచ్చుకునేసరికి వారసులే ముసలివాళ్లైపోతున్నారనీ, వాళ్లకంటే ముందు పన్ను శాఖవాళ్లు వచ్చి వాటా అడుగుతున్నారనీ మంత్రిగారు బాధపడ్డారు. ఎక్కడ బాధపడాలో కాగితం మీద గీత గీసి ఇచ్చింది కూడా నేనే.

పథకంతోపాటు ఒక చిన్న పుస్తకం ఇంటింటికీ పంచారు. అదీ నా రచనే. అందులో అందరూ మెచ్చుకున్న వాక్యం ఒకటుంది: 'వీలునామాలో ఆస్తి పొందేవాడే దానికి సాక్షి సంతకం పెడితే, సంతకం మిగులుతుంది, ఆస్తి మిగలదు.' దాన్ని ఊళ్లో గోడలమీద కూడా పెద్దపెద్ద అక్షరాలతో రాయించారు. మా వీధి చివర ఒకటుంది. రోజూ ఆఫీసుకెళ్తూ దాని ముందు ఒక్క క్షణం ఆగి, నా అంతవాడు లేడనుకుని కదిలేవాణ్ణి.

మొట్టమొదటి వీలునామా వేదికమీద, కెమెరాల ముందు రాయించాలన్నారు మంత్రిగారు. ఎవరూ ముందుకు రాలేదు. వీలునామా రాస్తే తొందరగా పోతామని జనానికో భయం. అప్పుడు నేను మా మేనత్తని ఒప్పించాను.

అత్తకి పిల్లల్లేరు. మావయ్య పోయాక కింది వాటాలో ఆవిడ, పై వాటాలో నేనూ మా ఆవిడా ఉంటున్నాం. ఇల్లు నాకేనని అత్త ఎప్పుడూ అంటూనే ఉంది గానీ కాగితం మీద పెట్టలేదు. కాగితం లేకపోతే చట్టప్రకారం అది మావయ్య తమ్ముడికి పోతుంది. ఆ తమ్ముడు మరెవరో కాదు, మంత్రిగారే. నాకీ ఉద్యోగం వచ్చింది ఆ చుట్టరికం వల్లే తప్ప ప్రతిభ వల్ల కాదని మా ఆవిడ అప్పుడప్పుడూ గుర్తు చేస్తుంటుంది.

"నా ఇల్లు నీకు రాయడానికి అంతమంది ఎందుకురా? వంటింట్లో కూర్చుని రాసుకోలేమూ?" అంది అత్త.

"టీవీలో కనిపిస్తావత్తా."

"నాకా సరదా లేదు. నీకుంది."

ఉంది. అందుకే ఆవిణ్ణి కారెక్కించాను.

వేదికమీద అత్త సంతకం చేసింది. మొదటి సాక్షిగా ఓ పెద్ద అధికారి చేశాడు. రెండో సాక్షి ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడట. మంత్రిగారు చుట్టూ చూసి, మైకులోనే, "నువ్వున్నావుగా, రావయ్యా! నీకంటే నమ్మకస్తుడు నాకెవడున్నాడు?" అన్నారు. పక్కనే ఉన్న పీయే "ఔనండి" అన్నాడు. మంత్రిగారు ఏమన్నా ఆయన ఆ మాటే అంటాడు కాబట్టి ఆఫీసులో ఆయన పేరు ఔనండిగారు.

నన్నెవరైనా మైకులో పొగడటం అదే మొదటిసారి. జుట్టు సర్దుకుంటూ మెట్లెక్కాను. "ఇటు చూడండి సార్!" అన్నాడు కెమెరామన్. సార్ అటే చూశాడు. దేనిమీద సంతకం పెడుతున్నాడో చూడలేదు.

మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. నా తల సగమే పడింది. సంతకం మాత్రం పూర్తిగా పడింది.

మా ఆవిడ ఆ పేపరు పక్కన నా పుస్తకం తెచ్చి పెట్టింది. "ఇది చదివారా?"

"రాసినవాణ్ణి, నేను చదవడమెందుకు?"

"రాసేటప్పుడైనా చదవాల్సింది."

చదివాను. కిందికి పరిగెత్తి అత్తకి చెబితే పడీపడీ నవ్వింది. "దానికేముందిరా, ఇంకోటి రాసేద్దాం. ఈసారి నువ్వు గది బయట నిలబడు."

కానీ మంత్రిగారికి చెప్పకుండా ఎలా? చెప్పాను. ఆయన ముఖం నల్లబడింది.

"మొదటి వీలునామా రద్దా? పోస్టర్లు కూడా అంటించేశాం కదయ్యా! ఎన్నికల ముందు నా శాఖలో రద్దు అనే మాట వినపడకూడదు."

"ఔనండి," అన్నాడు ఔనండిగారు.

"ఎన్నికలవగానే తీరిగ్గా కొత్తది రాయిద్దాం. అప్పటికి నువ్వు నా సలహాదారువి కూడానూ."

సలహాదారు అన్న మాట చెవినపడగానే నాకు మిగతావేవీ వినపడలేదు. కొన్నాళ్లు ఆగమని అత్తకి నేనే చెప్పాను. అదే సలహాదారుగా నా మొదటి సలహా.

"ఆగమంటే ఆగుతాను. నా వయసు ఆగొద్దూ?" అంది అత్త.

ఆగలేదు. ప్రచారం జోరుగా సాగుతుండగా ఒక మధ్యాహ్నం టీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో కూర్చున్నట్టే వెళ్లిపోయింది. ఇంటి సంగతి నాకు గుర్తుకే రాలేదు. మెట్లమీద అడుగు పడగానే లోపల్నుంచి "వచ్చావురా?" అనే గొంతు లేకపోయేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాను. మంత్రిగారు సంతాప సందేశం చదివారు. అదీ నేనే రాశాను. ఈసారి గీత గియ్యడం మర్చిపోవడంతో ఆయన ఎక్కడా బాధపడలేదు.

పథకంలో మొదటి వీలునామా కాబట్టి ప్రొబేట్ విచారణ వారంలోనే జరిగింది. జడ్జిగారు చట్టం పుస్తకం కూడా తెరవలేదు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న గోడ చూపించారు. నా వాక్యమే. చక్కగా రాశారెవరో అన్నారు కూడా. అలా ఇల్లు మంత్రిగారికి వెళ్లింది.

పన్ను శాఖ మాత్రం నన్ను అభినందించింది. నాకేమీ రాలేదు కాబట్టి నేనేమీ కట్టక్కర్లేదట. మంత్రిగారు దాన్నీ వృథా పోనివ్వలేదు. 'పైసా పన్ను లేకుండా వారసత్వం తేల్చుకున్న తొలి పౌరుడు' అంటూ తర్వాతి సభలో నన్ను నిలబెట్టి పూలగుత్తి ఇచ్చారు. నేను చెయ్యి ఊపాను. ముందు వరసలో ఒకాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొడుతున్నాడు. ఎవరా అని ఆరా తీస్తే, ఆనాటి రెండో సాక్షి!

"ఆరోజు ట్రాఫిక్‌లో చిక్కుకున్నారటగా?" అన్నాను.

"నేనా? ఆరోజూ ఈ కుర్చీలోనే ఉన్నానండీ. ఎవరూ పిలవందే!"

మంత్రిగారు గెలిచారు. మా ఆవిడ గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుతుండగా నాకు కబురొచ్చింది.

"ఇల్లు ఖాళీ చేస్తున్నావటగా? నేనంత కసాయివాణ్ణా?" అన్నారు మంత్రిగారు. "రెండో విడత పథకం నా సొంత వీలునామాతో మొదలుపెడుతున్నాను. ఆ ఇల్లు నీకే రాశాను. చదువుకో."

చదివాను. నిజంగానే నాకే రాశారు. కళ్లు చెమర్చాయి. గిన్నెలు మళ్లీ అలమరలో పెట్టెయ్యమని మా ఆవిడకి ఫోన్ చేశాను.

"మరి సాక్షులు?" అని అడిగాను.

"ఒకడు వీడు."

"ఔనండి," అన్నాడు ఔనండిగారు.

"రెండోవాడు ట్రాఫిక్‌లో చిక్కుకున్నాడట. నీకంటే నమ్మకస్తుడు నాకెవడున్నాడయ్యా?"

లైట్లు వెలిగాయి. ఈసారి తల సగానికి కొయ్యొద్దని కెమెరామన్‌కి చెప్పి, జేబులోంచి దువ్వెన తీశాను.